గొలుసు కొసన

నేను గొలుసు కొస పట్టినవాణ్ణి.
రెండో కొస కాశింపీరాది.
అరవై ఆరు అడుగులు, నూరు లింకులు,
మధ్యలో ఒంగోలు.

అప్పుడది పొలాల ఒంగోలు.
వానపడితే చెప్పు పట్టుకుని వదలని నల్లరేగడి.
పొగాకు బ్యారన్ల పక్కగా మంగమూరు డొంక,
దాన్ని కోసుకుంటూ ఇంకో డొంక.
ఎవరూ గీయలేదు.
బండెద్దు తిరిగిన చోట అవీ తిరిగాయి.
వంకరే, ఒప్పుకుంటాను.
అయినా ఏ డొంకలో దిగినా
ఏదో ఒక ఊళ్ళో తేలేవాళ్ళం.

టౌన్లో గొందులూ అంతే.
సంతపేటలో ఒక సందులో దూరితే
ఎవరి వసారానో ఒరుసుకుని
ఎవరి తడిచీర కిందో తలొంచుకుని
అవతలి బజార్లో లేచేవాళ్ళం.
ప్రతి సందుకీ రెండు నోళ్ళు.
ఒకటి మింగితే ఒకటి కక్కేది.

మొదటి వెంచరుకి రాళ్ళు పాతింది మేమే.
సున్నం కొట్టిన రాళ్ళు
శనగచేలో మొలిచిన పాలపళ్ళు.
నాలుగెకరాల ముప్పై సెంట్లు అన్నది,
పక్క చేను తమ్ముడిది. మాటల్లేవు.
ఈయన రోడ్లు ఉత్తర దక్షిణాలు,
ఆయనవి తూర్పు పడమరలు.
ముప్పై అడుగుల దారి నేరుగా వెళ్ళి
ఇరవై నాలుగో ప్లాటు పొట్టలో గుచ్చుకుంది.

"కలపొద్దా సార్?" అన్నాను.
సర్వేయరు నా వంక చూశాడు
గొలుసు నోరు తెరిచినట్టు.
"కలిపితే రెండు ప్లాట్లు పోతాయి" అన్నాడు వెంచరాయన.
అంతే. రెండు ప్లాట్లు.

ఊరు పాకుతుందంటారు.
నేను చూసింది గంతులెయ్యడం.
బైపాస్ దాకా ఒక గంతు, దాటి ఇంకో గంతు,
మధ్యలో సర్కారుతుమ్మ మొలిచిన బీళ్ళు.
ప్రతి గంతుకీ ఒక ఆర్చి,
ఆర్చి మీద రెండు సిమెంటు జింకలు,
లోపల ఎటు నడిచినా గోడ.

నేనూ కొన్నాను, రెండున్నర సెంట్లు,
వీధి చివర, చవగ్గా వస్తే.
గోడవతల ఇంకో వెంచరు.
అందులో కాశింపీరా.
అతను దగ్గితే నా పొయ్యి దగ్గర వినపడుతుంది.
గోడ మీంచి కొలిస్తే తొమ్మిది లింకులు.
దారెంట పోతే నూట నాలుగు గొలుసులు.
కొలిచాను. అలవాటు.

కొత్తపట్నం నుంచి చేపలు తెచ్చే కావమ్మ
గంప దించి, మెడ విరుచుకుని అనేది:
"ఒకప్పుడు పొద్దెక్కేలోపు అయిదు బజార్లు తిరిగేదాన్ని.
మీ వీధికి వచ్చే దారుంది, పోయే దారుంది,
దాటే దారి లేదయ్యా."
కాశింపీరా కానాగంతలు గోడ మీదుగా అందించేది.
తను మాత్రం తిరిగి ఆర్చి దాకా నడిచేది.

ఆ రాత్రి సైరన్ నా గుమ్మంలో ఆగింది.
ఫోను పటంలో చుక్క ఇక్కడేనట.
గుండె పట్టేసింది మీరాంబీకి, గోడవతల.
డ్రైవరు కుర్రాడు వేలితో తెర జరుపుతాడు,
అది మళ్ళీ నా ఇల్లే చూపిస్తుంది.
మంచం పట్టె అటు అతను పట్టుకున్నాడు,
ఇటు నేను.
గోడ మీద ఒక క్షణం ఆగింది ఆవిడ,
పమిట సర్దుకోబోయింది.

బతికింది.

తెల్లారి గడ్డపార తీశాను.
రాళ్ళు పాతిన గడ్డపారే.
అటునుంచి కూడా దెబ్బ వినపడింది,
ఇద్దరం మాట్లాడుకోలేదు.
మొదట దూరింది కావమ్మ గంప,
తర్వాత ఎవరిదో ట్యూషన్ సైకిలు,
తర్వాత ఒక కుక్క, తన సొంత ఆస్తిలా.

అసోసియేషన్ నోటీసు వచ్చింది:
ఆమోదించిన ప్లానులో ఇక్కడ దారి లేదు.
నిజమే.
ఆ ప్లానుకి గొలుసు పట్టింది నేను.

కంత వెడల్పు రెండడుగుల తొమ్మిదంగుళాలు.
గంప పక్కకి తిప్పితే పడుతుంది.
నులకమంచం పట్టదు.
ఇంకో వరస ఇటుకలు తియ్యాలి.